సిగ్నల్ దగ్గర వేడిగాలి

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు.

అపార్ట్‌మెంట్ వెనక, కార్లు కడిగే సిమెంటు నేల మీద ఒక మనిషి పడ్డాడు. నాలుగో అంతస్తు నుంచి. అరుపు లేదు. చప్పుడు ఒక్కటే.

ఇన్‌స్పెక్టర్ మూడూ యాభైకి వచ్చింది. జీపు దిగి నేరుగా శవం దగ్గరికి నడిచింది.

నీలం యూనిఫాం. వీపు మీద ఏసీ సర్వీస్ కంపెనీ బొమ్మ. ముప్పై దాటని వయసు. నడుముకి బెల్టు ఉంది. బెల్టుకి తాడు ఉంది. తాడు కొసన, గాజు సైజులో వలయంలా వేసిన ముడి ఉంది. తాడు తెగలేదు. ముడి విడలేదు.

"క్లియర్ కేసు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఏసీ బాగు చెయ్యడానికి ఎక్కాడు, కాలు జారింది. పంచనామా రాసేస్తే ఐదింటికల్లా టీ తాగొచ్చు."

"టీ మీద ఉన్న శ్రద్ధ శవం మీద పెట్టండి హెడ్డుగారూ. తాడు కట్టుకున్నవాడు కింద దాకా ఎలా వచ్చాడు?"

హెడ్డు తల గోక్కున్నాడు.

అప్పటికే కంపెనీ మేనేజర్ వచ్చి నీడలో నిలబడ్డాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. చేతిలో ఒక కాగితం కూడా సిద్ధంగా ఉంది.

"మేడమ్, మావాళ్లకి సేఫ్టీ బెల్టులు ఇచ్చాం. ఇతను వేసుకున్నది మాది కాదు. ఇది పూర్తిగా వర్కర్ నిర్లక్ష్యం. ఆ ఒక్క ముక్క మీ రిపోర్టులో రాస్తే మిగతాది మేం చూసుకుంటాం."

"ఇంకా రక్తం ఆరలేదు. మీకేంటంత తొందర?"

"రేపు పదింటికి లేబర్ ఆఫీసర్ దగ్గర హియరింగ్ ఉంది."

ఆ హియరింగ్ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆరు నెలల కింద ఇదే కంపెనీ మెకానిక్ ఒకడు ఇలాగే పడి చచ్చాడు. అరవై రెండు మంది మెకానిక్‌లు నలభై ఒక్క రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. బెల్టు. తాడు కట్టుకోవడానికి గోడకి ఒక కొక్కెం. చల్లగాలి అమ్ముకునే కంపెనీకి అది కూడా బరువైంది.

"ఇతనికీ హియరింగ్‌కీ సంబంధం?"

మేనేజర్ చూపు తిప్పుకున్నాడు. హెడ్డు చెప్పాడు.

"మెయిన్ సాక్షి ఇతనే మేడమ్. అందరూ 'తాడు' అని పిలుస్తారు. ఎక్కడికెళ్లినా సొంత తాడు మోసుకెళ్తాడని ఎగతాళి. యూనియన్ లీడర్‌కి స్వయానా బామ్మర్ది."

ఇన్‌స్పెక్టర్‌కి లెక్క అర్థమైంది. రిపోర్టులో 'నిర్లక్ష్యం' అని ఒక్క మాట పడితే చాలు. చచ్చినవాడిదే తప్పవుతుంది. వాడి సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది. రేపు పదింటికి అరవై రెండు మంది చేతులు ముడుచుకుని ఇంటికెళ్తారు. ఎల్లుండి మళ్లీ సజ్జలు ఎక్కుతారు.

ఆమె మెట్లెక్కింది.

*

నాలుగో అంతస్తు మెట్ల మలుపులో ఒక కిటికీ. కిటికీ బయట జానెడున్నర సజ్జ. పక్కనే గోడకి ఏసీ బయటి పెట్టె, రెండు ఇనప చేతుల స్టాండు మీద. ఎడమ చెయ్యి గోడకి అంటుకునే ఉంది. కిటికీ వైపు చెయ్యి ఊడి కిందికి వేలాడుతోంది. పెట్టె ఒరిగిపోయి రాగి గొట్టాల మీద ఆనింది.

కిటికీ పక్కన టూల్ బ్యాగు. జిప్పు వేసే ఉంది.

"బరువుకి ఊడింది మేడమ్," అన్నాడు హెడ్డు.

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి సగం బయటికి వంగింది. గోడలో బోల్టులు రెండూ అలాగే ఉన్నాయి. మరలు చెక్కుచెదరలేదు. వంగలేదు. నట్లు మాత్రం లేవు.

ఆమె బోల్టు మీద వేలు పెట్టి వాసన చూసింది.

"తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే. తడి ఇంకా ఆరలేదు. హెడ్డుగారూ, కింద నట్లు దొరికాయా?"

"లేదు మేడమ్."

"బరువుకి ఊడితే మరలు చీరుకుపోవాలి. ఇవి కొత్తగా మెరుస్తున్నాయి. ఎవరో స్ప్రే కొట్టి, స్పానర్ పెట్టి, నిదానంగా విప్పారు."

హెడ్డు ముఖంలో టీ మాయమైంది.

పెట్టె పక్క మూత స్క్రూలు నాలుగూ బిగించే ఉన్నాయి. ఆమె వాటిని విప్పించి లోపలికి టార్చి కొట్టింది. డబ్బాలాంటి కెపాసిటర్. దాని మీద ఉండాల్సిన వైరు ఒకటి ఊడబెరికి పక్కకి మడిచి ఉంది. ఆ వైరు లేకపోతే కంప్రెసర్ తిరగదు. లోపల ఫ్యాను తిరుగుతుంది, గాలి వస్తుంది, చల్లదనం రాదు.

ఇదంతా ఆమెకి పోలీసు ట్రైనింగులో చెప్పలేదు. వాళ్ల నాన్నకి కార్ల ఏసీ షెడ్డు ఉండేది. పదో తరగతి దాకా ఆమె సెలవులన్నీ బానెట్ల కిందే గడిచాయి.

ఫ్లాట్ తలుపు తీసింది రిటైరైన లెక్కల టీచరమ్మ. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏసీ ఎప్పుడు ఆగింది టీచరమ్మా?"

"ఆగలేదమ్మా. గాలి వస్తూనే ఉంది. చల్లదనం పోయింది. పన్నెండున్నరకి కంప్యూటర్‌లో పిల్లలకి పాఠం మొదలుపెట్టా. పది నిమిషాలకి చెమటలు. పన్నెండూ నలభై."

"కంపెనీకి ఫోన్ చేశారా?"

"కంపెనీకి చేస్తే మూడు రోజులకి వస్తారు. నా దగ్గర లీడరబ్బాయి నంబరుంది. ఎన్నేళ్ల నుంచో అతనే చూస్తాడు. పన్నెండూ యాభైకి చేస్తే ఎత్తలేదు. ఒకటీ ఇరవై ఐదుకి ఎత్తాడు. 'నేను కారు షెడ్డులో ఉన్నా టీచరమ్మా, దూరం. మా బామ్మర్దిని పంపిస్తా' అన్నాడు."

"ఆ అబ్బాయి ఎప్పుడొచ్చాడు?"

"మూడూ పదికి. మంచినీళ్లిచ్చా. కిటికీ ఎక్కుతుంటే 'జాగ్రత్త నాన్నా' అన్నా. తాడు చూపించి నవ్వాడు. 'ఇది ఉండగా నాకేంటి టీచరమ్మా' అన్నాడు." ఆమె కళ్లు తుడుచుకుంది. "నేను పిలవకపోతే బతికుండేవాడు."

"మీరు పిలవలేదు టీచరమ్మా. మీచేత పిలిపించారు."

కింద వాచ్‌మన్‌ని అడిగింది.

"పన్నెండూ పన్నెండున్నర మధ్య మెకానిక్ ఎవరన్నా వచ్చాడా?"

"నీలం చొక్కావాళ్లు రోజూ వస్తుంటారు మేడమ్. కేబులాయన, లిఫ్టాయన, ఏసీ వాళ్లు. వచ్చాడొకడు."

"ముఖం?"

"ముఖమెవరు చూస్తారు మేడమ్? చొక్కా చూసి గేటు తీస్తాం."

నిజమే చెప్పాడు. పనోడికి ముఖముంటుందని ఈ లోకానికి ఎప్పుడు పట్టింది గనక?

*

నాలుగూ ముప్పైకి లీడర్ వచ్చాడు. నలభై ఐదేళ్లు. బక్క మనిషి, పెద్ద గొంతు. మెకానిక్‌లకి అతను లీడరన్న. వెల్డింగ్ మచ్చల చేతుల్తో తల కొట్టుకున్నాడు.

"నేనే చంపా మేడమ్! నేనే పంపా! నేను షెడ్డుకి పోకుండా ఉంటే ఆ కిటికీ ఎక్కేవాణ్ని నేను. వాడు బతికేవాడు!"

చుట్టూ చేరిన మెకానిక్‌లు కళ్లు తుడుచుకున్నారు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చెయ్యేసింది. ఆర్నెల్ల కింద స్టేషన్ ముందు ఎండలో ఇతను బైఠాయించినప్పుడు లాఠీ పట్టుకుని ఎదురుగా నిలబడింది ఆమే. ఆ రోజే అతని మీద గౌరవం పుట్టింది. లాఠీ లేవకుండా ఆపుకుంది.

"మధ్యాహ్నం ఎక్కడున్నారు? రొటీన్‌గా అడుగుతున్నా."

"ఊరి చివర కారు షెడ్డులో మేడమ్. పన్నెండు నుంచి రెండు దాకా. నా కారు ఏసీ చల్లదనం ఇవ్వట్లేదు. గ్యాస్ అయిపోయింది. నింపించుకున్నా. మేస్త్రి ఉన్నాడు, అడగండి."

హెడ్డు పక్కకెళ్లి షెడ్డు మేస్త్రికి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి తలూపాడు. "పన్నెండు నుంచి రెండు. అక్కడే ఉన్నాడట మేడమ్."

"జీపుని ఫోరెన్సిక్ వాళ్ల కోసం పంపించా," అంది ఇన్‌స్పెక్టర్. "హాస్పిటల్‌కి వెళ్లాలి. శవం అక్కడికే తీసుకెళ్లారు."

"నా కారులో రండి మేడమ్. మా ఆవిడ అక్కడే ఉంది. వాడికి అక్కయినా, అమ్మయినా తనే."

పాత కారు. ఇన్‌స్పెక్టర్ ముందు సీట్లో కూర్చుంది, హెడ్డు వెనక. లీడర్ ఏసీ వేశాడు. రోడ్డెక్కి రెండు నిమిషాలు కాగానే చల్లగాలి ముఖానికి తగిలింది.

"హమ్మయ్య," అన్నాడు హెడ్డు. "మా జీపులో అయితే కిటికీయే ఏసీ."

మొదటి సిగ్నల్. తొంభై సెకన్లు. సగం గడిచేసరికి గాలి వెచ్చబడింది. హెడ్డు టోపీ తీసి విసురుకున్నాడు. పచ్చ లైటు పడింది. కారు కదిలింది. మళ్లీ చల్లన.

రెండో సిగ్నల్. ఈసారి నూట ఇరవై సెకన్లు. వేడిగాలి. లీడర్ జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. వంతెన ఎక్కాక మళ్లీ చల్లన.

ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకుంది. నాన్న షెడ్డు గుర్తొచ్చిందేమో, ఒక్కసారి పెదవి కొరికింది.

హాస్పిటల్ దగ్గర లీడర్ లోపలికి పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టర్ కారు దగ్గరే ఆగింది.

"బానెట్ ఎత్తండి హెడ్డుగారూ."

"ఇప్పుడా మేడమ్?"

"ఇప్పుడే."

లోపలికి వంగి చూసింది. రెండు ఫోటోలు తీసింది. బానెట్ దించింది.

*

మార్చురీ వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయినట్టుంది. కుట్టుపని చేసే మనిషి. చీర కొంగుకి సూది ఇంకా గుచ్చే ఉంది.

"ఆ బెల్టు నేనే కుట్టా మేడమ్," అంది. "పాత కార్ల సీటు బెల్టులు తెచ్చి ఇచ్చాడు. నాలుగు వరసలు కుట్టా. తెగిందా?"

"తెగలేదమ్మా. ఒక్క కుట్టు కూడా పోలేదు."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది.

"మరి వాడిదే తప్పని రాస్తున్నారంట?"

"ఎవరన్నారు?"

"మేనేజర్ ఫోన్ చేశాడు మా ఆయనకి. వాడు అజాగ్రత్త మనిషి కాదు మేడమ్. వంటింట్లో బల్బు మార్చడానికి కూడా తాడు తీసేవాడు. మేమందరం నవ్వేవాళ్లం. వాడు పోయాడు, సరే. తప్పు కూడా వాడి నెత్తిన పెట్టి పంపించకండి."

"ఈ మధ్య ఏమన్నా చెప్పాడా మీతో?"

అక్క కొంగుకున్న సూదిని తడిమింది.

"మొన్న లేబర్ ఆఫీసుకి వెళ్లొచ్చాడు. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు. నిన్న రాత్రి వచ్చి, 'అక్కా, రేపు సాయంత్రం మీటింగులో ఒక మాట చెప్తాను, నీకు బాధేస్తుంది, ముందే క్షమించు' అన్నాడు. ఏంట్రా అంటే చెప్పలేదు."

సాయంత్రం మీటింగు అంటే ఈ రోజే. ఆరున్నరకి.

*

ఐదూ ఇరవై. మేనేజర్ గది. పద్దెనిమిది డిగ్రీల చలి.

"మొన్న లేబర్ ఆఫీసుకి మీ కంపెనీ ఏం పంపింది?"

"రొటీన్ కాగితాలు."

"చూపించండి."

"కాన్ఫిడెన్షియల్ మేడమ్."

"హత్య కేసులో కాన్ఫిడెన్షియల్ ఏంటయ్యా?"

మేనేజర్ లేచాడు. కూర్చున్నాడు. "హత్యా?"

"నట్లు విప్పి ఉన్నాయి. హియరింగ్ ఎవరికి అడ్డం? మీకు. సాక్షి ఎవరికి అడ్డం? మీకు. పన్నెండున్నరకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే! కెమెరా ఉంది, చూసుకోండి! మేడమ్, ఒట్టు, ఆ హియరింగ్ మాకు అడ్డమే కాదు. అది మొన్ననే అయిపోయింది, రేపటిది పేరుకే!"

"అయిపోయిందా? ఎలా?"

నోరు జారిందని అతనికి అర్థమైంది. ఆలస్యమైంది. సొరుగు తీసి ఒక ఉత్తరం ముందుకి తోశాడు. అందరికీ బెల్టులు అందాయి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం అని నాలుగు వాక్యాలు. కింద సంతకం. దాని వెనకే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇంకో కాగితం.

ఇన్‌స్పెక్టర్ ఆ సంతకం చూసింది. నమ్మలేనట్టు మళ్లీ చూసింది. రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుంది.

"చంపమని నేను చెప్పలేదు మేడమ్," అన్నాడు మేనేజర్, చలిలో చెమట పట్టి.

"తెలుసు. మీరు కుర్చీ చూపించారంతే. మీటింగుకి మీరూ రావాలి. పదండి."

*

యూనియన్ గది సైకిల్ షాపు పైన. రేకుల కప్పు. అరవై మంది ఏసీ మెకానిక్‌లు రెండు సీలింగ్ ఫ్యాన్ల కింద ఉడికిపోతున్నారు. ఊరందరి ఇళ్లూ చల్లబరిచే చేతులు అట్టముక్కలతో విసురుకుంటున్నాయి.

గోడకి 'తాడు' ఫోటో, పూలదండ. ముందు వరసలో అక్క. పక్కన టీచరమ్మ. షెడ్డు మేస్త్రిని కూడా హెడ్డు వెంటపెట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. లీడర్ మైకు దగ్గర నిలబడ్డాడు. ఎర్రబడిన కళ్లు, బొంగురుపోయిన గొంతు.

"వాడి రక్తం ఊరికే పోదు! కానీ తమ్ముళ్లూ, సాక్షే పోయాడు. రేపు మనం పదింటికి వెళ్లి ఏం చూపిస్తాం? కొన్నాళ్లు ఆగుదాం. బలం కూడగట్టుకుందాం."

ఆరూ యాభైకి ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చింది. మేనేజర్ ఆమె వెనకే వచ్చి గోడకి అంటుకుపోయాడు. గది ఒక్కసారి గుర్రుమంది.

"కూర్చోండి," అంది ఇన్‌స్పెక్టర్. "మీ తాడు జారి పడలేదు. చంపారు."

గోల లేచింది. ఆమె చెయ్యెత్తింది.

"ఒక్కొక్కటే చెప్తా. తాడు టూల్ బ్యాగు జిప్పు తియ్యలేదు. కానీ ఏసీ పెట్టె లోపల కెపాసిటర్ వైరు ఊడబెరికి ఉంది. మూత మళ్లీ బిగించి ఉంది. అంటే అతను రాకముందే ఎవరో వచ్చారు. పన్నెండున్నర లోపు. ఏసీని పాడు చేసి, టీచరమ్మ ఫోన్ చేసేలా చేశారు. స్టాండు నట్లు విప్పారు. కిటికీ వైపు చేతివే. ఎందుకు? మీరు చెప్పండి. తాడు ఎక్కడ కడతారు?"

మధ్య వరసలో ఒక నడివయసు మెకానిక్ నెమ్మదిగా లేచాడు.

"స్టాండుకే మేడమ్. కిటికీ వైపు చేతికే. గోడకి కొక్కెం ఉండదు కదా. అందరం అక్కడే కడతాం. తప్పని తెలుసు. ఇంకెక్కడ కట్టాలి?"

"ఆ చెయ్యి వాలగానే ముడి విడకుండానే జారిపోయింది. ఆ తప్పు మీకే తెలుసు. మేనేజర్‌కి తెలీదు, ఆయన జన్మలో సజ్జ ఎక్కలేదు. చంపినవాడు మీలో ఒకడు."

విసురుతున్న అట్టముక్కలు ఆగాయి. ఫ్యాన్ల కిరకిర ఒక్కటే.

"టీచరమ్మ ఎవరికి ఫోన్ చేస్తుందో తెలిసినవాడు. ఆ ఫోన్ ఎత్తి తాడుని పంపగలిగినవాడు."

తలలన్నీ మైకు వైపు తిరిగాయి.

"మేడమ్!" లీడర్ గొంతు చీరుకుపోయింది. "నేను షెడ్డులో ఉన్నా! మేస్త్రీ, చెప్పు!"

షెడ్డు మేస్త్రి నేల చూశాడు.

"ఏ పని చేయించుకున్నారు షెడ్డులో?"

"చెప్పాగా! గ్యాస్ అయిపోయింది, నింపించుకున్నా!"

ఇన్‌స్పెక్టర్ గది వైపు తిరిగింది.

"మీకు పని నేర్పింది ఎవరు?"

"లీడరన్నే," అన్నారు పది మంది.

"ఏసీలో గ్యాస్ అయిపోతుందా?"

"అయిపోదు మేడమ్," అలవాటుగా వచ్చేసింది జవాబు. "లీకవ్వాలి. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టేవాడు దొంగ. అన్న మాటే అది."

"సరే. ఒక కారు ఉంది. రోడ్డు మీద పరిగెడుతుంటే ఏసీ చల్లగా ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. కదిలితే మళ్లీ చల్లన. గ్యాస్ తక్కువా?"

"కాదు!" నాలుగు మూలల నుంచీ వచ్చింది.

"మరేంటి?"

"కండెన్సర్ ఫ్యాను! ముందున్న ఫ్యాను తిరగట్లేదు! కారు నడిస్తే గాలి దానంతటదే తగుల్తుంది, ఆగితే తగలదు!"

"గ్యాస్ నింపితే బాగవుతుందా?"

"చస్తే బాగవ్వదు!"

చెప్పేశాక గాని వాళ్లకి తెలియలేదు, ఎవరి కారు గురించి చెప్పారో. ముందు వరసలో ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇవాళ సాయంత్రం ఆ కారులో నేను కూర్చున్నా. రెండు సిగ్నళ్లలోనూ ఉడికా. పని వచ్చిన ఇంత పెద్ద మెకానిక్, ఫ్యాను పోతే గ్యాస్ ఎందుకు కొట్టించుకున్నాడు? కొట్టించుకోలేదు. బానెట్ ఎత్తి చూశా. గ్యాస్ ఎక్కించే చోట మూత మీద మడ్డీ, దుమ్మూ కలిసి గట్టిపడి ఉన్నాయి. నెలల నుంచి దాన్ని ఒక్క వేలు కూడా ముట్టుకోలేదు. ఫోటో ఉంది. ఫోన్ టవర్ రిపోర్టు రేపు వస్తుంది. దాని కోసం ఆగాల్సిన పని లేదు. మేస్త్రీ?"

షెడ్డు మేస్త్రి ఏడుస్తూ లేచాడు.

"యూనియన్ పని అన్నావు కదన్నా! రహస్య మీటింగు, పోలీసులు అడిగితే షెడ్డులో ఉన్నానని చెప్పు, మనవాళ్ల కోసం అన్నావు కదన్నా! మనవాళ్ల కోసమని చెప్పానన్నా!"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కాగితాలు తీసి గట్టిగా చదివింది. అందరికీ బెల్టులు అందాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం. కింద లీడర్ సంతకం. రెండో కాగితం: ఒకటో తారీఖు నుంచి ట్రైనింగ్ సూపర్‌వైజర్‌గా నియామకం. ఆఫీసులో సొంత గది. సజ్జ ఎక్కే పని లేదు.

"మొన్న లేబర్ ఆఫీసులో తాడు ఈ ఉత్తరం చూశాడు. ఇవాళ ఇదే గదిలో, ఇదే మైకులో చెప్పబోయాడు. అవునా?"

లీడర్ మైకు స్టాండు పట్టుకున్నాడు. వదిలేశాడు. ఇప్పుడు గొంతు పెద్దగా లేదు.

"ఇరవై రెండేళ్లు గోడలకి వేలాడా. మోకాళ్లు పోయాయి. ఒక్క గది అడిగా. ఒక్క చల్లటి గది. మీ కోసం నలభై ఒక్క రోజులు ఎండలో కూర్చున్నా కదరా, నాకు ఆ మాత్రం లేదా? వాడికి చెప్పా. ఒక్క రోజు ఊరుకోరా, నేను లోపలికెళ్లాక బెల్టులు ఇప్పిస్తా అని కాళ్లు పట్టుకున్నా. వినలేదు. 'బావా, నువ్వే చెప్తావా, నేను చెప్పనా' అన్నాడు."

ఎవరో చెప్పు విసిరారు. మైకుకి తగిలి ఠంగుమంది. "థూ!" అన్నారు వెనక నుంచి. హెడ్డు లీడర్ చేతికి బేడీ వేశాడు. మేనేజర్ తలుపు వైపు జరిగాడు గాని అక్కడ ఇరవై మంది నిలబడి ఉన్నారు.

"రేపు పదింటికి హియరింగ్ ఉంటుంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ ఉత్తరం ఇప్పుడు హత్య కేసులో ఎవిడెన్స్. ఎవరెవరు వెళ్తారో మీ ఇష్టం."

ఎవరూ జై కొట్టలేదు. ఇంతకాలం ఎవరి వెనక నడిచారో తెలిశాక, కాళ్లు వెంటనే లేవవు.

అప్పుడు అక్క లేచింది.

నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చింది. మొగుడి వైపు చూడలేదు.

"నా తమ్ముడిది తప్పని ఏదన్నా రాసుంటే ముందు కొట్టెయ్యండి."

"రాయలేదమ్మా. రాయను."

"అయితే నేను చెప్పేది రాసుకోండి."

లీడర్ తలెత్తాడు. "వద్దే. నువ్వు ఇందులోకి రావద్దు. నీకేం తెలీదు."

"తెలీలేదు. అదే చెప్తున్నా." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపే చూసింది. "ఒకటీ పదికి ఇంటికొచ్చాడు మేడమ్. షెడ్డు నుంచి కాదు. ఎక్కడి నుంచో నాకు తెలీదు. చొక్కా విప్పి ఇచ్చాడు. ముంజేతుల మీదంతా ఆయిలు. తుప్పు స్ప్రే వాసన. ఇప్పుడే ఉతుకు, మరక పడిపోతుంది అన్నాడు. ఉతికా. రెండుసార్లు సబ్బు పెట్టి, బ్రష్షుతో రుద్ది ఉతికా. మేడ మీద ఆరేశా."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. మళ్లీ కదిలింది.

"అన్నం పెట్టా. తింటున్నాడు. ఒకటీ ఇరవై ఐదుకి ఫోను మోగింది. ఎత్తి, షెడ్డులో ఉన్నా టీచరమ్మా, మా బామ్మర్దిని పంపిస్తా అన్నాడు. నా ఎదురుగా, కంచం ముందు కూర్చుని."

టీచరమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"మీరేమన్నారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఇంట్లో కూర్చుని షెడ్డంటావేంటయ్యా, మా తమ్ముడి మీదికి పని తోసెయ్యడానికేనా అన్నా."

అక్క మొదటిసారి మొగుడి వైపు తిరిగింది. అతను చూడలేక తల దించుకున్నాడు.

"అని నవ్వా మేడమ్. అదీ రాయండి. నేను నవ్వానని రాయండి."